ఎత్వం పోయిన గెడ్డ

ఇది ఒక మహాకావ్యం. ఒక కొండ, దాని మీద అడవి, ఆ అడవిని మింగడానికి వచ్చిన మంటలు, మనుషులు. ఎదురు నిలిచిన ఇద్దరు వీరులు. మధ్యలో ద్రోహం, చివర్లో జలప్రళయం. చదివాక మీ రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అలా మొదలుపెడదామనే అనుకున్నాను. కానీ ఆ ఇద్దరు వీరుల్లో ఒకడు మా బావ, రెండోవాణ్ణి నేను. ద్రోహం చేసింది ఒక అక్షరం. జలప్రళయం చీలమండ దాటలేదు. రోమాల సంగతి ఇక మీ ఇష్టం.

సింహాచలం కొండల వరసకి గుడి ఉన్న వైపు అందరికీ తెలుసు. చందనం, సంపెంగలు, ప్రసాదం క్యూ, అన్నీ అటే. మేముండేది పెందుర్తి వైపు, వరస వెనకాల. దేవుడు మనకి వీపు పెట్టి కూర్చున్నాడని మా నాన్న అనేవాడు. అది ఫిర్యాదు కాదు. ఎవరైనా దారి అడిగితే ఆయన అడ్రసు అలాగే చెప్పేవాడు.

నాన్న పోయిన ఏడాది పోయాడు. దాని గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పొద్దున్న టీ తాగాడు, మధ్యాహ్నానికి లేడు. పదో రోజు దాకా చుట్టాలందరూ నా మొహం వంక చూస్తూ కూర్చున్నారు, నాట్లప్పుడు మబ్బు వంక చూసినట్టు. చినుకు పడలేదు. ఇప్పటికీ పడలేదు. "గుంటడికి దిగులు లోపలికెల్లిపోనాది" అని మా పెద్దత్త తేల్చేసింది. నేను లోపల కూడా వెతికాను. అక్కడా కనపడలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయాను. పోర్టు దగ్గర ఓ కంటైనర్ యార్డు గేటులో కూర్చుని లారీలని లోపలికీ బయటికీ పంపించడం నా ఉద్యోగం. బాధ ఉన్నా లేకపోయినా పని ఒకేలా జరిగిపోతుంది. అదొక సౌకర్యం.

నాన్న బతికుండగా చేసిన ఆఖరి పెద్ద పని మా అప్పకి ఇల్లు కట్టించడం. అక్కని మా వైపు అప్ప అంటాం. చవగ్గా వస్తోందని కాలనీలో ఆఖరి వరసలో, అన్నిటికన్నా పల్లంలో ఉన్న ముక్క కొన్నాడు. కాలనీలో ఎవరింట్లో బిందె ఒలికినా ఆ నీళ్ళు చివరికి మా అప్ప గుమ్మం ముందుకే వచ్చి పలకరిస్తాయి. ఆ ఇంటి గోడని ఆనుకుని గెడ్డ ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గెడ్డ అంటే కొండ మీంచి దిగే చిన్న ఏరు. మిగతా వాళ్ళు వాగు అంటారు, మాకు గెడ్డ. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో ఇసక, రాళ్ళు, ఎవరిదో ఒక చెప్పు ఉంటాయి. వానలొచ్చినప్పుడు మాత్రం పోస్టింగు ఆర్డరు అందినవాడిలా హడావిడిగా దిగుతుంది. ఈ గెడ్డ అన్న మాటలో ఎత్వం తీసేస్తే గడ్డ అవుతుంది. గడ్డ అంటే నేల. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి. మేం గుర్తుపెట్టుకోలేదు.

మా బావకి ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని ఉండేది. తరవాత లేదు. అంతే కథ. ఆ వేసవిలోనే కొండకి మా వైపు వాలంతా తగలబడింది. ఏటా తగలబడేదే. కొత్త గడ్డి బాగా వస్తుందని ఎవరో అంటిస్తారు, తేనె కోసం ఎవరో పొగ పెడతారు, ఇంకెవరో బీడీ పారేస్తారు. కింద మనం చూసి "అబ్బ, ఎంత వేడిగా ఉందో" అనుకుంటాం. ఆ తరవాత వానల్లో గెడ్డ ఎర్రటి బురద మోసుకొచ్చి, గట్టు దాటి, అప్ప పెరట్లో పోసి వెళ్ళింది. వంకాయ మొక్కలు, బట్టలుతికే రాయి, రెండూ మాయం. బావ పార పట్టుకుని రోజూ బురద ఎత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ, ఇదంతా ఎక్కణ్ణుంచి వస్తోందని పైకి చూశాడు. ఖాళీగా ఉన్న మనిషి పైకి చూడకూడదు.

ఆ వారం నన్ను కొండ ఎక్కించాడు.

"సూడు బామ్మర్దీ. పైన గడ్డీ గాదం ఉంటే నీరు ఆగాగి దిగతాది. కాలిపోతే ఒక్కపాలి జారీసి, మట్టితో సహా మనింట్లోకొచ్చీతాది."

"అయితే?"

"అయితే కొండ కాయాల."

"ఎవరు?"

బావ నా వంక చూశాడు.

"నాకు ఆదివారం ఒక్కటే సెలవు బావా."

"నాకు రోజూ సెలవే. ఆదివారం నువ్వూ రా."

అలా కొండ సంరక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు బావ. కార్యదర్శిని నేను. అప్పని కోశాధికారి అన్నాం, టీలు ఆవిడే ఇస్తుంది కాబట్టి. ఇంకా సభ్యులు కావాలని బావ కాలనీ అంతా తిరిగాడు. అందరూ చాలా మంచి పని అన్నారు. అంత మంచి పనిని చెడగొట్టకూడదని ఎవరూ రాలేదు.

పని ఏమిటంటే, వాలు మీద అడ్డంగా గడ్డి చెక్కి, మనిషి పడుకునేంత వెడల్పున నేల బోసిగా చెయ్యడం. నిప్పు వచ్చినా ఆ బోసి గీత దాటలేదని సిద్ధాంతం. కాలిపోయిన చోట బావ మొక్కలు కూడా నాటాడు. ఎక్కువ భాగం చచ్చిపోయాయి, ఎందుకంటే నీళ్ళు నిలవని రాతి మీద నాటాడు. "మొండి మొక్కలు, బతికీతాయి" అన్నాడు. అవి అంత మొండివి కావు. తరవాత నాటడం మానేసి, ఉన్నవాటిని కాలనివ్వకుండా చూడటం మొదలుపెట్టాడు. అది కాస్త పనిచేసింది. మనం ఏమీ చెయ్యకుండా ఉంటే పెరిగే వాటిలో అడవి ఒకటి.

ఆషాఢ పున్నమికి జనం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తారు కదా, ఆ దారి మా కాలనీ దాకా రాదు. బావ ప్రతి ఆదివారం పార భుజాన వేసుకుని వెనక వైపు ప్రదక్షిణ చేసేవాడు.

"పుణ్యం వత్తాదేటి బావా?" అని అడిగాను.

"ముల్లులొత్తాయి. సూసి నడు."

బావకి అలుగు పిచ్చి కూడా పట్టుకుంది. అలుగంటే ఒళ్ళంతా పెంకులతో, ముట్టుకుంటే బంతిలా చుట్టుకుపోయే జంతువు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చూశాడట. ఈ కొండ మీద కూడా ఉందని నమ్మకం. ఒకరోజు పొద్దున్నే ఫోను చేసి, ఊపిరి బిగపట్టి, "గెడ్డలో ఉన్నాది, సుట్టుకుని పడుకున్నాది, బేగి రా" అన్నాడు. మోటార్‌సైకిలు మీద ఎగురుకుంటూ వెళ్ళాను. లారీ టైరు ముక్క. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "వెనకనుంచి అలాగే ఉన్నాది" అన్నాడు. అప్పటినుంచి అప్ప ఇంట్లో టైరుని అలుగు అనే అంటోంది. "అలుగు పంచరైపోనాదిరా, గాలి కొట్టించుకురా."

మరుసటి ఏడాది వేసవిలో మంట వచ్చింది. మంచి ఎండ వేళ. నేను అప్పటికే అప్ప ఇంట్లో అన్నానికి కూర్చున్నాను. బావ గుమ్మంలోంచి ఒక్క కేక పెట్టాడు, అన్నం అలాగే వదిలి వెళ్ళాం. పచ్చి కానుగ కొమ్మలు విరిచి మంటని కొట్టాలి. చూసేవాళ్ళకి అది యుద్ధంలా ఉంటుంది. కొట్టేవాళ్ళకి పరుపు దులిపినట్టుంటుంది, దుమ్ము బదులు నిప్పురవ్వలు లేస్తాయంతే. కింద కాలనీ కుర్రాళ్ళు సెల్‌ఫోన్లతో వీడియో తీశారు. అందులో నేను ఎగురుతూ ఉన్నాను, వెనకాల ఎవరో వీరావేశపు పాట పెట్టారు. నిజానికి అప్పుడు నా చెప్పులోకి నిప్పురవ్వ దూరింది.

మంట మా గీత దాకా వచ్చింది. రెండు చోట్ల దాటింది, మిగతా అంతా ఆగింది. దాటిన చోట ముందుకెళ్ళి, పెద్ద రాతి పలక తగిలి, తినడానికేమీ దొరక్క అదే ఆరిపోయింది. మేం పక్కన గౌరవంగా నిలబడ్డాం.

ఆరాక బూడిదలో ఒక తాబేలు కనిపించింది. వీపు మీద నక్షత్రాల్లాంటి గీతలుంటాయే, ఆ రకం. డొప్ప చిట్లిపోయి ఉంది. బావ తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను దాని పక్కన గొంతుకూర్చున్నాను. ఇప్పుడైనా ఏమైనా వస్తుందేమో అని ఆగాను. ఆకలి వచ్చింది. ఇంటికెళ్ళి, వదిలేసిన అన్నంలోకి నెత్తళ్ళ చేపల ఇగురు వేయించుకుని తిన్నాను. ఉప్పు సరిపోయింది.

కానీ బావ లెక్క తప్పలేదు. వాలు మీద ముప్పాతిక భాగం ఆ ఏడాది పచ్చగా మిగిలింది. మా అప్ప పెరటి గోడ దగ్గర నిలబడి పైకి చూసి, "ఈపాలి బురద రాదేమో" అంది. బావ ఆ రోజు రెండోసారి అన్నం వేయించుకున్నాడు.

అప్పుడు కొత్త బెడద కింద మొదలైంది. పైన మంటని ఆపాం, కింద నీళ్ళ దారి మూసుకుపోతోంది. ఎవరో ఇల్లు పడగొట్టి, ఆ ఇటుక ముక్కలూ సిమెంటు పెళ్ళలూ ట్రాక్టరుతో తెచ్చి గెడ్డలో పోశారు. ఒకరు పోస్తే మిగతావాళ్ళకి ధైర్యం వస్తుంది. గెడ్డ మూసుకుపోతే కొండ మీద నీళ్ళకి ఇంకో దారి లేదు. ఉన్న దారి అప్ప ఇంట్లోంచే. ముందు గది, వంటగది, పెరటి తలుపు. దారి చక్కగానే ఉంటుంది, తిన్నగా.

"బోర్డు ఎట్టాల" అన్నాడు బావ.

"బోర్డు చూసి మానేస్తారా?"

"మానరు. సిగ్గుపడతారు."

రేకు మీద రాయించాలి. మాటలు బావే చెప్పాడు: ఈ గెడ్డ మనది, కాపాడుకుందాం. నేను అది చీటీ మీద రాసి, కూడలిలో బోర్డులు రాసే పెయింటరుకి ఇచ్చాను. ఆయనది గోదావరి వైపు. మంచి పనివాడు, అక్షరం ముత్యంలా ఉంటుంది. మర్నాడు తెచ్చుకోవడానికి వెళ్తే బోర్డు నీలం రంగు మీద తెల్లగా మెరిసిపోతోంది.

ఈ గడ్డ మనది. కాపాడుకుందాం.

చాలాసేపు చూశాను. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఎక్కడో తెలియడం లేదు.

"ఆయ్, మీరు తప్పు రాశారండి" అన్నాడు పెయింటరు. "గెడ్డ అని రాశారు. అలాంటి మాట లేదు కదండి. నేను దిద్దేశానండి."

"ఉందండి. గెడ్డ అంటే వాగు."

ఆయన నా వంక జాలిగా చూశాడు. "యాసలో అంటారేమోనండి. బోర్డు మీద యాస బాగోదు. దిద్దినందుకు విడిగా ఏమీ తీసుకోనులెండి."

ఇంటికి తీసుకొచ్చాను. బావ చూసి నెత్తి కొట్టుకున్నాడు. మళ్ళీ రాయిద్దామంటే పెయింటరు ఆ సాయంత్రమే చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళిపోయాడు. ట్రాక్టరు మాత్రం రోజూ వస్తోంది.

"ఒక్క ఎత్వానికి ఇంత రభసేటి?" అంది అప్ప. "పక్కనే గెడ్డ కనపడతన్నాది. సదివినోడికి ఆమాత్రం తెలీదేటి? ఎట్టీండి."

పెట్టేశాం.

చదివినవాళ్ళకి తెలిసింది. ముందు కుర్రాళ్ళకి తెలిసింది. ఒకరోజు పొద్దున్న ఓ పదిమంది మోటార్‌సైకిళ్ళ మీద వచ్చి, బోర్డుకి బంతిపూల దండ వేసి, పక్కన జెండా పాతి, ఫోటోలు దిగారు. ఎందుకని అడిగితే, "ఈ గడ్డ మనది కదన్నా" అన్నాడు ఒకడు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగా. ఎవరు లాక్కున్నారని అడిగాను. అది ఇంకా తేలలేదన్నాడు. బావకి కూడా ఒక దండ వేశారు. బావ దాన్ని తెచ్చి అప్పకిస్తే, ఆవిడ పూలు తెంపి నాన్న ఫోటోకి గుచ్చింది. మంచి పూలే.

తరవాత పెద్దవాళ్ళకి తెలిసింది. మా వీధిలో చదువు వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించారు. గడ్డ మనదట. కాపాడుకోమంటున్నారట. బోర్డు మంచి రంగులో ఉంది, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి, కాబట్టి గవర్నమెంటుదే అయ్యుంటుంది. ఆ వారంలోనే గెడ్డ పొడవునా ముగ్గు గీతలు, మేకులు, కొబ్బరి తాళ్ళు వెలిశాయి. మేం ఆపాలనుకున్న ఇటుక ముక్కల్ని వాళ్ళే అడిగి మరీ పోయించుకుని చదును చేసుకున్నారు. కాపాడుకోవడం అంటే మరి అదే.

బావ పరిగెత్తాడు. పక్క వీధి ఆటో ఆయన గెడ్డ మధ్యలో నిలబడి అడుగులతో కొలుస్తున్నాడు.

"ఒరే, ఏటి సేత్తన్నావ్రా?"

"కనపడ్డం లేదేటి బావా? ముక్క కొలుసుకుంతన్నాను."

"ఇది గెడ్డరా! నీరొత్తాది!"

"గడ్డ అని నువ్వే కదేటి రాయించినావ్?"

"ఎత్వం ఎగిరిపోనాదిరా సన్నాసీ!"

"ఎగిరిపోతే నా అదురుష్టం. నానేటి సేసేను?" అని, మళ్ళీ అడుగులు మొదటినుంచి వేశాడు, మధ్యలో మాట్లాడించడం వల్ల లెక్క తప్పిందని బావనే తిట్టుకుంటూ.

జాలరిపేట నుంచి బస్సులో వచ్చి మా వీధిలో చేపలమ్మే అమ్మ ఉంది. అప్పతో మంచి స్నేహం. ఆవిడ కూడా తట్ట దించి, అంతా తేరిపార చూసి, పగిలిపోయిన ఐసు పెట్టె ఒకటి ఎక్కణ్ణుంచో తెచ్చి గెడ్డలో పెట్టింది.

"ఇదేటమ్మా, నువ్వు కూడానా?" అన్నాడు బావ, నీరసంగా.

"అందరూ ఎడతంటే నానొక్కద్దాన్నేటి పాపం సేసినాను బాబూ? ఓ మూల ఉంటాదిలే. సేపలు దించుకోడానికి."

"వానొస్తే కొట్టుకుపోతాదమ్మా."

"కొట్టుకుపోతే ఏటి? సముద్రంలోకే కదా ఎల్తాది. నానుండేది అక్కడే. ఇంటికాడే తీసుకుంతాను."

బావకి నవ్వొచ్చింది. అది ఆ నెల్లో మొదటిసారి. తరవాత గోడ దగ్గర కూర్చుని, "మీ నాన్న ఈ ఇల్లు కట్టించినప్పుడు నానే సెప్పినాను, గెడ్డ పక్కనుంటే సల్లగుంటాదని" అన్నాడు.  

ఆఫీసుకి వెళ్ళి అర్జీ ఇచ్చాం. ఒక అధికారి వచ్చి చూశారు. మర్యాదస్తుడే, దూరపు జిల్లా నుంచి కొత్తగా వచ్చారు.

"గెడ్డ అంటే ఏమిటండీ?"

"వాగు సార్" అన్నాను.

ఆయన ఎండిన ఇసక మీద, ముగ్గు గీతల మధ్య, ఐసు పెట్టె పక్కన నిలబడి ఉన్నారు. మే నెల. కాకి కూడా నోరు తెరుచుకుని కూర్చుంది.

"నీళ్ళేవి?"

"ఆగస్టులో రండి సార్, సూపిత్తాను" అన్నాడు బావ.

"ఆగస్టుకి నాకు ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చు" అన్నారాయన, చాలా నిజాయితీగా. తరవాత బోర్డు చదివారు. పైకి చదివారు. "ఈ బోర్డు ఎవరు పెట్టారు?"

బావ నా వంక చూశాడు. నేను కొండ వంక చూశాను. కొండ ఎవరి వంకా చూడదు, అందుకే దాన్ని కాపాడటం తేలిక.

ఆగస్టు దాకా ఆగక్కర్లేకపోయింది. జులైలోనే, ఓ ఆదివారం మధ్యాహ్నం, బంగాళాఖాతంలో ఏదో అల్పపీడనం అన్నారు, మొదలైంది. గెడ్డ పైనుంచి దిగి, తన దారి వెతుక్కుని, ఇటుక ముక్కల చదును దగ్గర కాసేపు ఆగి ఆలోచించింది. ఆ తరవాత అప్ప ముందు గదిలోకి వచ్చింది. కొంచెం పక్కకి తిరిగి ఆటో ఆయన వీధిలోకి కూడా వెళ్ళింది, పాపం వాళ్ళూ చుట్టాలే అన్నట్టు.

గంభీరంగా ఏమీ లేదు. హోరు లేదు, కేకలు లేవు. గుమ్మం కింద నుంచి పల్చటి పొర ఒకటి వచ్చింది, తరవాత ఇంకొకటి. మేం పరుపులు మంచాల మీదకి, బియ్యం బస్తా బల్ల మీదకి ఎక్కించాం. చీలమండ దాకా వచ్చాక నీళ్ళు ఆగిపోయాయి. అప్ప చీర ఎగదోపుకుని వంటగదిలో నిలబడింది. ఉన్నట్టుండి బావ వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"బామ్మర్దీ! సూడు! నీరు తేటగున్నాది!"

నిజమే. కిందటేడులా ఎర్రగా లేదు. గచ్చు మీద పువ్వుల డిజైను స్పష్టంగా కనపడుతోంది. కొండ తన మట్టిని ఈసారి తన దగ్గరే ఉంచుకుంది.

"అవును మరి" అంది అప్ప. "తేట నీటిలో మునిగిపోనాం. సంబరపడు."

అంది గానీ, ఆవిడ కూడా వంగి చూసింది.

వెల్ల వేయించాలని నాన్న ఫోటో గోడ మీంచి తీసి స్టూలు మీద పెట్టి ఉంచారు. స్టూలు ఎవరి కాలు తగిలి పడిపోయిందో తెలియదు, నాన్న వెల్లకిలా తేలుతూ మెల్లగా పెరటి తలుపు వైపు బయల్దేరాడు. బంతిపూల ఎండు దండతో సహా. ముగ్గురం చూశాం. నేను నాలుగడుగులేసి, గడప దగ్గర పట్టుకున్నాను. ఫ్రేము వెనక అట్ట నాని ఉబ్బింది. మొహం బాగానే ఉంది. అప్ప నా మొహం చూసింది, ఇప్పుడేమైనా మబ్బు పట్టిందేమోనని. నేను కూడా ఆగి చూసుకున్నాను. అప్ప కాసేపు చూసి, పొడి గుడ్డ ఒకటి నా చేతికిచ్చి, "అట్ట మార్సాల" అంది. మార్చాలి అన్నాను.

మర్నాడు పొద్దున్న నీళ్ళు తీసేశాయి. మేకులు, తాళ్ళు, ముగ్గు గీతలు, ఐసు పెట్టె, ఏవీ లేవు. జెండా కర్ర ఒక్కటే ఒంగి నిలబడింది. అప్ప చీపురుతో గుమ్మంలోకి వెళ్ళి, "మెట్టు మీద అలుగొచ్చి పడుంది, తియ్యండి" అని అరిచింది. టైరు అని అర్థం. నేను తియ్యడానికి వెళ్ళాను. మెట్టు మూలలో గుండ్రంగా, బురద కొట్టుకుని, గోధుమరంగులో ఉంది. టైరు అంత నున్నగా లేదు.

బావని పిలిచాను. బావ వచ్చి వంగి చూశాడు.  పెంకులు సన్నగా పైకీ కిందకీ కదులుతున్నాయి. ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. చాలాసేపటికి అది విచ్చుకుని, చిన్న మొహం బయటపెట్టి, మమ్మల్ని పట్టించుకోకుండా, చేతులు కట్టుకున్న పెద్దమనిషిలా నడుచుకుంటూ గోడ వెంబడే కొండ వైపు వెళ్ళిపోయింది. సెల్‌ఫోన్లు మూడూ బియ్యం బస్తాలో ఆరుతున్నాయి. కాబట్టి సాక్ష్యం లేదు. కాలనీలో చెప్తే, "టైరేమో సరిగ్గా సూసినావేటి బావా" అన్నాడు ఆటో ఆయన.

ఆయన ఇంట్లోకి కూడా నీళ్ళు వచ్చాయి కాబట్టి, నీళ్ళకి దారి ఉండాలని ఇప్పుడు ఆయన కూడా ఒప్పుకున్నాడు. గెడ్డ ఉండాలని మాత్రం ఒప్పుకోలేదు. ఈ రెండూ ఒకటే కదా అని బావ వాదించాడు. కాదని వీధంతా అంది. ఆఫీసుకి అందరం కలిసి వెళ్ళాం. పాత అధికారికి ట్రాన్స్‌ఫర్ అయింది, ఆయన మాట తప్పలేదు. కొత్తాయన నీళ్ళు పారుతుండగా వచ్చారు, చూశారు, మధ్యేమార్గం చెప్పారు. సిమెంటు పైపు వేద్దాం, నీళ్ళు అందులోంచి పోతాయి, పైన మట్టి వేస్తే దారి అవుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కొట్టలేదు, చేతిలో పార ఉంది.

"పైపులో అలుగెలా నడుత్తాది?" అని అడిగాడు నన్ను, తిరిగొచ్చేటప్పుడు.

"వంగి."

బావ నవ్వలేదు. నేనూ నవ్వించాలని అనలేదు.

పైపు వేశారు. అప్ప ఇంట్లోకి నీళ్ళు రావడం లేదు. పైన వాలు పచ్చగానే ఉంది. బావ ఇప్పటికీ ఆదివారాలు గీత చెక్కుతున్నాడు, నేనూ వెళ్తున్నాను, ఆటో ఆయన రెండుసార్లు వచ్చి నడుం పట్టేసిందని మానేశాడు. బావకి ఈ మధ్య ఒక గోడౌన్‌లో పని దొరికింది. కాబట్టి ఇప్పుడు ఇద్దరికీ ఆదివారం ఒక్కటే సెలవు.

పెయింటరు ఊరినుంచి వచ్చాక సంగతంతా విని చాలా బాధపడ్డాడు. "ఆయ్, నిజంగానే ఉందాండి ఆ మాట?" అన్నాడు. తనే మెట్లబల్ల వేసుకుని వచ్చి, గ మీద తలకట్టు గీకేసి, తెల్లగా, అందంగా, ఎత్వం పెట్టి వెళ్ళాడు. ఈ గెడ్డ మనది, కాపాడుకుందాం. ఇప్పుడు దారిన పోయేవాళ్ళు ఆగి చదివి, చుట్టూ చూసి, గెడ్డ ఎక్కడ అని అడుగుతున్నారు. కాళ్ళ కింద అని చెప్తే నమ్మడం లేదు.

పైపు పై చివర ఇనుప జాలీ ఉంది. వానాకాలంలో దానికి కొండ మీది ఆకులు అడ్డం పడతాయి. వారానికోసారి తీసెయ్యాలి, లేకపోతే నీళ్ళు రోడ్డెక్కుతాయి.